దానధనము ఎవరిది?

(ఒక పట్టణమందలి రోటరీ క్లబ్బు నూతన కార్యవర్గ స్వీకార సభలో చేసిన ప్రసంగము)



వైదిక యజ్ఞములలో ఒక చిన్న ఆచారము కలదు. యజమాని హవిస్సును అగ్నికి అర్పించిన ప్రతిసారియు ఆ ద్రవ్యము ఫలానా దేవతకు చెందినదనియు, ఇక తనది కాదనియు నోటితో పలుకవలెను. చేతితో వదలుట మాత్రము చాలదు. మనస్సుతో గూడ వదలవలెను. వదలితినని తన చెవులకు తానే వినిపించుకొనవలెను. మన పూర్వులు మానవ హృదయమును ఎంత చక్కగా ఎరిగియుండిరో ఈ ఆచారమే చెప్పుచున్నది. వస్తువు చేయి దాటినంత త్వరగా మమకారము మనస్సును దాటదు. నేయి అగ్నిలో పడిన పిమ్మట గూడ ‘నేను పోసిన నేయి’ అను తలపు నిలిచియుండును. ఆ తలపు సైతము ఆహుతి అయిననాడే యజ్ఞము పూర్తి యగును.

మీ క్లబ్బునకు జూలై 1వ తేదీతో క్రొత్త సంవత్సరము ఆరంభమైనది. క్రొత్త అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి బాధ్యతలను స్వీకరించిరి. ఈ శుభ సమయమున నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరితిరి. సన్న్యాసికి సొంత ధనము లేదు; కాని దానధనముతో అతనికి నిత్యము పని యుండును. అతడు తిను అన్నము దానము, కట్టు వస్త్రము దానము, పంచిపెట్టు మందు దానము. కాబట్టి మీకును మాకును సమానమైన ఒక ప్రశ్ననే నేడు విచారింతము. దాత చేతినుండి వెలువడి, దీనుని చేతికి ఇంకను చేరని ధనము, నడుమ మన పెట్టెలో నున్నంత కాలము, ఎవరిది?

పూర్వము ఈ ప్రశ్నకు తావు తక్కువ. ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు ఎదురెదుట నిలిచెడివారు. గృహస్థుడు వాకిట నిలిచిన అతిథికి అన్నము పెట్టెను. ధాన్యము కొలిచి పేదవాని వల్లెలో పోసెను. నేడు అట్లు కాదు. ఇచ్చువాడు ఒక ఖండమున నుండును, పుచ్చుకొనువాడు మరియొక ఖండమున నుండును. నడుమ సంఘములు, నిధులు, బ్యాంకులు, రశీదులు, తీర్మానములు ఉన్నవి. ఇన్ని చేతులు మారు ధనము పవిత్రముగా గమ్యము చేరుట ఎట్లు? ఇది లెక్కల సమస్య వలె కనబడును గాని, లోతుగా చూచినచో సాధన సమస్య.

మీవంటి సంఘములను గూర్చి లోకులు రెండు విధములుగా పలుకుచుందురు. కొందరు “వారు పెద్ద హోటళ్లలో భోజనములు చేసి, ఒకరి కోటుకు ఒకరు బిళ్లలు తగిలించుకొందురు, అది సేవయా?” అందురు. మరి కొందరు “వారు చేసిన మేలు ప్రభుత్వములు గూడ చేయలేదు” అని ఆకాశమున కెత్తుదురు. రెండును తొందరపాటు మాటలే. ఈ సంఘము ఎట్లు పుట్టినదో, దాని ధనము ఏ మార్గమున నడచుచున్నదో చూచిన పిదప మంచి చెడ్డలు మాటాడుకొందము.

1905వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన అమెరికాలోని చికాగో నగరమున నలుగురు మనుష్యులు ఒక కార్యాలయపు గదిలో సమావేశమైరి. పాల్ హ్యారిస్ న్యాయవాది. సిల్వెస్టర్ షీల్ బొగ్గు వర్తకుడు. గస్టావస్ లోయర్ గనుల ఇంజనీరు. హైరమ్ షోరీ దర్జీ. అంతకు పండ్రెండేండ్ల ముందు, 1893లో, స్వామి వివేకానందులు సర్వమత మహాసభలో పలికినది ఆ నగరముననే. ఆ నగరమున సంపద అపారము, ఒంటరితనమును అపారమే. చిన్న పల్లెలో తాత అవ్వల చెంత పెరిగిన హ్యారిస్, నగరమునకు వచ్చిన పిమ్మట ఇరుగుపొరుగు స్నేహము కరవై బాధపడెను. వేరువేరు వృత్తులవారు స్నేహముగా కలిసికొనుటకు ఒక చోటు కావలెనని అతడు తలచెను. సభ ఒకసారి ఒకరి కార్యాలయమున, మరుసారి మరియొకరి కార్యాలయమున జరిగెడిది. అట్లు చక్రము వలె తిరుగుటచేతనే దానికి ‘రోటరీ’ అని పేరు వచ్చెను.

దాచవలసిన పని లేదు: ఆ మొదటి సభల ఉద్దేశము స్నేహము, దానితోడి వ్యాపార లాభము. సేవ కొంచెము ఆలస్యముగా వచ్చెను. కొలది ఏండ్లలోనే, తమలో తాము మేలు చేసికొనుటతో తృప్తిపడిన సంఘము నిలువదని కొందరు సభ్యులకు తోచెను. 1907లో వారు తలపెట్టిన మొదటి ప్రజాహిత కార్యమేమో తెలియునా? చికాగో నగరమున జనుల సౌకర్యార్థము మరుగుదొడ్లు కట్టించుటకై పాటుపడుట! పాలరాతి మందిరము కాదు, విగ్రహము కాదు. ఎవరును తమ పేరు చెక్కించుకొన ఇష్టపడని కట్టడము. సేవకు ఇంతకంటె శుభారంభము నాకు తోచదు. పేరు రాని చోట చేసిన పని మనస్సును శుభ్రపరచును.

తరువాతి మాట 1917 నాటిది. అట్లాంటా నగరమున జరిగిన మహాసభలో నాటి అధ్యక్షుడు ఆర్చ్ క్లంఫ్, లోకమున మేలు చేయుటకై ఒక శాశ్వత నిధి ఉండవలెనని ప్రతిపాదించెను. మరుసటి ఏడు ఆ నిధికి మొదటి విరాళము వచ్చెను. కాన్సస్ సిటీ క్లబ్బువారు తమ ఊర జరిగిన మహాసభ ఖర్చులు పోగా మిగిలిన పైకమును పంపిరి. అది 26 డాలర్ల 50 సెంట్లు. పదేండ్లు గడచి 1928 వచ్చునప్పటికి ఆ నిధి 5,000 డాలర్లను కొంచెము మించెను. అప్పుడు దానికి రోటరీ ఫౌండేషను అని పేరిడిరి. లోకమునకు మేలు చేయుదుమని పూనుకొన్నవారి పెట్టెలో పదేండ్లకు చేరినది అంత మాత్రమే!

ఈ 26 డాలర్ల కథ వినగానే మీకు మహాభారతములోని ముంగిస కథ జ్ఞప్తికి వచ్చియుండును. ధర్మరాజు అశ్వమేధము చేసి అపార ధనమును పంచిపెట్టెను. అంతలో సగము దేహము బంగారమైన ముంగిస ఒకటి వచ్చి, ఆ యజ్ఞభూమిలో పొర్లి, “ఇది యజ్ఞమే కాదు” అనెను. ఏమని అడుగగా అది చెప్పెను: కరవు దినములలో ఒక బీద బ్రాహ్మణుడు, భార్య, కొడుకు, కోడలు నాలుగు భాగములుగా పంచుకొన్న పిండిని అతిథికి వరుసగా ఇచ్చివేసి ప్రాణములు విడిచిరి. ఆ పిండి రాలిన నేలపై పొర్లగా తన దేహము సగము బంగారమైనది. మిగిలిన సగము నాటినుండి ఏ యజ్ఞభూమిలోను బంగారము కాలేదు! వివేకానందస్వామి న్యూయార్కు నగరమున చేసిన కర్మయోగ ప్రసంగములలో ఈ కథను చెప్పియుండిరి.

ఇప్పుడు నిజము చెప్పుకొందము. ఆ ముంగిస కాన్సస్ సిటీ క్లబ్బు లెక్కల పుస్తకముపై పొర్లియుండినచో ఒక్క రోమమైనను బంగారమగునా? కాదనియే నా నమ్మకము. ఆ 26 డాలర్లు ఎవరి కడుపు మాడ్చుకొని ఇచ్చినవి కావు. ఖర్చులు పోగా మిగిలినవి. త్యాగమునకును, మిగులునకును చాల దూరము. మనలో అధికులు ఇచ్చునది మిగులే. మనము దానిని త్యాగమని పిలుచుకొనుట ఆత్మవంచన.

అయినను ఆ పైకములో ఒక గుణమున్నది. మిగిలిన పైకముతో ఆ క్లబ్బువారు మరియొక విందు చేసికొనవచ్చును. అడుగువాడెవడు? వారట్లు చేయలేదు. సభ నిమిత్తము చేరిన డబ్బు సభ ముగిసిన పిదప తమది కాదనుకొనిరి. బ్రాహ్మణుని కుటుంబము తమదైన దానిని విడిచెను. ఈ క్లబ్బు తమది కాని దానిని తమదని తలపక విడిచెను. మొదటిది మహాత్ముల ధర్మము. రెండవది మనబోటివారికి అందుబాటులో నున్న ధర్మము. దానిని గట్టిగా పట్టుకొన్నవాడు క్రమముగా మొదటిదానికి అర్హుడగును.

ఈ రెండవ ధర్మము మీ సంఘముల నిబంధనలలో ఎట్లు రూపొందినదో చూడుడు. సభ్యుడు కట్టు చందా ఒక సంచి. మీ భోజనము, హాలు అద్దె, తపాలా ఖర్చు, జిల్లా సంఘమునకును అంతర్జాతీయ కార్యాలయమునకును చెల్లింపవలసినది, ఇవన్నియు దానినుండి పోవలెను. ప్రజలను అడిగి తెచ్చినది మరియొక సంచి. నాటక ప్రదర్శనపు టిక్కెట్లు, పాటకచేరి, బజారులో పట్టిన హుండీ, వర్తకుని విరాళము, వీనివలన వచ్చినది ఆ రెండవ సంచిలో చేరవలెను. మీ సోదర సంస్థ లయన్స్ సంఘము 1917లో చికాగోలోనే మెల్విన్ జోన్స్ చొరవతో ఏర్పడినది. ప్రజలనుండి వచ్చిన ధనము ప్రజలకే తిరిగి పోవలెననియు, దానినుండి సంఘ నిర్వహణ ఖర్చులకు తీయరాదనియు వారి నియమము. రెండు ఖాతాలు, రెండు పుస్తకములు. ఇది చూచుటకు గుమాస్తా నియమము. నా కంటికి మాత్రము ఇది ధర్మసూత్రము.

ఇట్లు నాకు కనబడుటకు కారణము నా జీవితములో జరిగిన ఒక తప్పు.

2009 అక్టోబరు మొదటి వారమున కర్నూలు పట్టణమును తుంగభద్ర ముంచెత్తినది. మేడపైన మొదటి అంతస్తు దాక నీరు వచ్చిన ఇండ్లుండెను. నీరు తీసిన పిమ్మట వీథులనిండ బురద. ఆ సమయమున నేను బ్రహ్మచారిని. ఒక సహాయ శిబిరమున జమాఖర్చు వ్రాయు పని నాకు అప్పగింపబడెను. ఒక రాత్రి లారీలో బియ్యము, దుప్పట్లు వచ్చినవి. కళాశాల పిల్లలు ఇరువదిమంది తెల్లవారుదాక బస్తాలు దించిరి. వారి చేతులు బొబ్బలెక్కినవి. ఉదయము నేను పెట్టెలోనుండి కొంత పైకము తీసి వారికి ఇడ్లీలు, టీ తెప్పించితిని. ‘సహాయ కార్యక్రమ ఖర్చు’ అని పుస్తకమున వ్రాసితిని.

సాయంకాలము శిబిరము చూచుచున్న పెద్ద స్వామీజీ లెక్కలు చూచి ఆ పద్దుపై వ్రేలు పెట్టిరి. “ఇది ఏమి?” నేను చెప్పితిని. “పిల్లలు ఆకలితో నుండిరి, మహరాజ్. రాత్రి యంతయు పని చేసిరి.” స్వామీజీ “వారికి పెట్టవలసినదే. కాని ఈ పెట్టెనుండి కాదు” అనిరి. నాకు రోషము వచ్చెను. “ఇచ్చినవారు ఎవరైనను దీనికి కాదందురా?” అంటిని. వారు నెమ్మదిగా “అడిగితివా?” అనిరి.

ఆ ఒక్క మాటకు నావద్ద జవాబు లేదు. వారు రశీదు పుస్తకమును నా చేతికిచ్చి, పేర్లు చదువుమనిరి. చదివితిని. వేయి రూపాయలు, అయిదు వందలు, తరువాత పదకొండు రూపాయలు. ఆ పదకొండు రూపాయలు ఇచ్చిన ముసలమ్మ నాకు బాగుగా జ్ఞప్తి యున్నది. కొంగు ముడి విప్పి, నాణెములు లెక్కించి, “ఇల్లు పోయినోళ్లకు ఇయ్యి నాయనా” అని చెప్పి పోయెను. స్వామీజీ అనిరి: “ఆమె ఎవరికిమ్మని చెప్పెనో నీవు విన్నావు. నీవు ఆ ధనమునకు కాలువవు, చెరువువు కావు. కాలువ తన దప్పి తీర్చుకొనుటకు నీరు త్రాగునా?” మరునాడు ఆ ఖర్చును ఆశ్రమ భాండాగారపు లెక్కకు మార్చి వ్రాసితిని. ఆ రాత్రి నాకు కోపము తగ్గలేదు. ఇంత చిన్న విషయమునకు ఇంత పట్టుదలయా అని నిద్రపట్టక దొర్లితిని. వారు చెప్పినది ధర్మమని అర్థమగుటకు నాకు చాల ఏండ్లు పట్టెను.

ఉపనిషత్తులో విద్య ముగించి ఇంటికి పోవు శిష్యునితో ఆచార్యుడు, దానము శ్రద్ధతో చేయుమనుటయే గాక, సిగ్గుతోడను, భయముతోడను చేయుమని చెప్పును. ఇచ్చువానికి భయమెందులకని చాలమందికి సందేహము కలుగును. నా మట్టుకు ఆ భయమునకు అర్థము కర్నూలులో తెలిసినది. చేతిలో నున్నది పరుల ధనము. దానిపై ఎవరి కన్నీరో, ఎవరి ఆశయో ఉన్నది. దానిని ముట్టుకొనునప్పుడు చేయి వణుకవలెను. వణుకని చేయి కోశాధికారికి తగదు.

ఇంతవరకు మన ఊరి మాట. ఇక దూరదేశములకు ధనమెట్లు పోవునో చూతము.

మీరు ప్రతి యేట రోటరీ ఫౌండేషను వార్షిక నిధికి కొంత పంపుదురు. ఆ పైకము వెంటనే ఖర్చు కాదు. మూడేండ్లు పెట్టుబడిలో నుండును. పిమ్మట స్థూలముగా సగము మీ జిల్లాకే తిరిగి వచ్చును; ఎట్లు వినియోగింపవలెనో మీ జిల్లావారే నిర్ణయింతురు. రమారమి సగము ప్రపంచ నిధికి పోవును. అది మీ రెన్నడును చూడని దేశముల కార్యములకు తోడ్పడును. పెద్ద కార్యమొకటి చేయదలచినచో, అనగా 30,000 డాలర్లకు తగ్గని కార్యము, రెండు దేశముల క్లబ్బులు చేతులు కలుపవలెను. పని జరుగు ఊరి క్లబ్బు ఒకటి, వెలుపలి దేశపు క్లబ్బు ఒకటి. వెలుపలి క్లబ్బునకు ధనబలముండవచ్చును. ఊరి క్లబ్బునకు ఆ ఊరి బావి ఎందుకెండెనో, ఆ బడికి పిల్లలు ఎందుకు రాకుండిరో తెలియును. ఈ రెండును కలియనిదే నిధి కదలదు.

అంతేకాదు. ఆ ఊరివారికి నిజముగా కావలసినదేమో వారినే అడిగి తెలిసికొనవలెనని నియమము. వచ్చిన ధనమునకు ప్రత్యేకముగా బ్యాంకు ఖాతా తెరువవలెను. ఇద్దరి సంతకములు లేనిదే పైకము తీయరాదు. పని ముగియువరకు లెక్కలు పంపుచుండవలెను. మీలో కొందరికి ఈ కాగితములు విసుగుగా నుండునని నాకు తెలియును. “మేము దొంగలమా?” అని లోలోపల గొణుగుకొందురు. విసుగుకొనకుడు. భగవద్గీత పదునేడవ అధ్యాయమున దానము మూడు విధములని చెప్పబడినది. తిరిగి ఉపకారము చేయలేనివానికి, ఇయ్యవలెనను ధర్మబుద్ధితో, దేశమును కాలమును పాత్రను ఎరిగి ఇచ్చునది సాత్త్వికము. ప్రతిఫలమును గోరి, లోలోపల బాధపడుచు ఇచ్చునది రాజసము. చోటుగాని చోట, వేళగాని వేళ, అవమానపరచుచు ఇచ్చునది తామసము. ఊరివారిని ముందుగా అడుగుట దేశకాల పాత్రములను ఎరుగుటయే కదా! నీరు లేని పల్లెకు గడియారపు స్తంభము కట్టించి యిచ్చినవాడు ధనమును వ్యర్థము చేయుటయే గాక, పల్లెవారిని అవమానించుచున్నాడు. వారి మాట తనకు అక్కరలేదని వారి ముఖముననే చెప్పుచున్నాడు.

దూరదానములో మరియొక విశేషమున్నది. ఇచ్చినవాడు పుచ్చుకొన్నవాని ముఖమును చూడడు. కృతజ్ఞత అతని చెవిని బడదు. ఈ లోపమునే సాధనగా మార్చుకొనవచ్చును. ఎదుట నిలిచి నమస్కరించు బీదవాని చూచినప్పుడు మన అహంకారమునకు కొంత మేత దొరకును. ఎక్కడనో ఎవరికో మేలు జరిగినది, ఆ మేలు పొందినవానికి నా పేరే తెలియదు, నాకు వాని పేరు తెలియదు. అటువంటి చోట అహంకారము ఆకలితో చచ్చును. ఇందుకు మన కాలమున జరిగిన గొప్ప దృష్టాంతమును చెప్పెదను.

అమెరికాలో ఒహాయో రాష్ట్రమున ఎలీరియా అను ఊరు కలదు. 1907లో అచ్చట వీథి రైలు ప్రమాదమున ఎడ్గర్ ఆలెన్ అను వర్తకుని కుమారుడు మరణించెను. ఊరిలో తగిన ఆసుపత్రి లేదు. తండ్రి తన వ్యాపారమును అమ్మివేసి, ఊరికి ఆసుపత్రి కట్టించుటకు పూనుకొనెను. ఆసుపత్రి వచ్చిన పిమ్మట, అవిటి పిల్లలకు చికిత్స చేయువారే లేరని తెలిసికొని వారి కొరకు పాటుపడెను. స్థానిక రోటరీవారు అతనికి తోడైరి. ఆ ప్రయత్నమునుండి అవిటి బాలల సంఘము పుట్టి దేశ దేశములకు వ్యాపించెను. 1930లో రోటరీ ఫౌండేషను మొట్టమొదటి సారి ధనమును వెలుపలి కిచ్చినది ఆ సంఘమునకే. అది 500 డాలర్లు. ఆ నిధి మొదటగా కదలినది అవిటి బిడ్డల కొరకని గుర్తుంచుకొనుడు.

అర్ధ శతాబ్దము గడచెను. 1979లో ఫిలిప్పీన్సు దీవులలో 60 లక్షల శిశువులకు పోలియో మందు వేయించుటకు రోటరీ పూనుకొనెను. ఆ పని సఫలమగుటతో, 1985లో ప్రపంచములోని బిడ్డలందరికిని అట్లే చేయుదుమని ప్రకటించెను. 12 కోట్ల డాలర్లు సేకరింపవలెనని సంకల్పింపగా, 1988 నాటికి 24 కోట్ల 70 లక్షల డాలర్లు పోగయ్యెను. ఆ 1988లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రములతో కలిసి పోలియో నిర్మూలన ప్రారంభమైనది. ఆనాడు 125 దేశములలో ఏటా మూడున్నర లక్షల బిడ్డలు ఈ వ్యాధిచే అవిటివారగుచుండిరి.

మన దేశమున 1995నుండి పల్స్ పోలియో ఆదివారములు మీకందరికిని జ్ఞాపకమే. మన ఊళ్లలో బడి అరుగుపై, బస్సు స్టాండులో బల్ల వేసికొని కూర్చుండిన వారిని, చంకన బిడ్డలతో వరుసలో నిలిచిన తల్లులను, చుక్కలు వేసిన పిమ్మట బిడ్డ చిటికెనవ్రేలిపై సిరాగుర్తు పెట్టుటను మీరు చూచితిరి. మీలో పలువురు ఆ బల్లల చెంత కూర్చుండిరి. ఒక్కొక్క దేశవ్యాప్త కార్యక్రమమున సుమారు 17 కోట్ల పిల్లలకు మందు వేసిరి. ఉత్తర ప్రదేశమున కొన్నిచోట్ల తల్లిదండ్రులు అనుమానించి తలుపులు మూసికొన్నప్పుడు, రోటరీవారు ముస్లిం మతగురువులతో ఒక సమితి నేర్పరచి, వారి నోటనే ధైర్యము చెప్పించిరి. డబ్బు తెరువలేని తలుపును విశ్వాసము తెరచెను.

2009లో మన దేశమున 741 మందికి పోలియో సోకినది. 2010లో 42 మందికి. 2011లో ఒక్కరికి. ఆ యేడు జనవరి 13వ తేదీన పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో ఒక చిన్న బాలికకు వచ్చినదే చివరిది. గంగయొడ్డున బేలూరు మఠమున్న జిల్లాయే అది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ప్రాంతమంతయు పోలియో రహితమైనదని ధ్రువపరచెను. ఇంకను ఆ సహజ వ్యాధిబీజము పాకిస్తాను, ఆఫ్గనిస్తాను దేశములను విడువలేదు. కాబట్టి పని ముగియలేదు.

ఈ విజయము ఒక్క రోటరీది అనుకొన్నచో అన్యాయము చేసినవారమగుదుము. అధిక వ్యయమును ప్రభుత్వములు భరించెను. ఎండలో వానలో మంచుపెట్టె భుజాన వేసికొని ఇల్లిల్లు తిరిగిన స్త్రీలు లక్షలకొలది. వారి పేర్లు ఏ ఫలకముపైనను లేవు. అయినను రోటరీ సభ్యులు పోలియో కొరకు ఇచ్చినది రెండు వందల కోట్ల డాలర్లను మించినది. 2017లో, శతవత్సరములకు పూర్వము క్లంఫ్ లేచి మాటాడిన అట్లాంటా నగరముననే, ఏటా 5 కోట్ల డాలర్లు పోగుచేయుదుమని రోటరీయు, ప్రతి డాలరునకు రెండు డాలర్లు కలుపుదుమని గేట్స్ ఫౌండేషనును ఒప్పందము ప్రకటించెను. 26 డాలర్ల 50 సెంట్లు ఎక్కడ, ఈ కోట్లు ఎక్కడ! విత్తనము చిన్నదని నవ్వినవారు ఆనాడును ఉండియుందురు. కాని ఆ చిన్న మొత్తమును ఎవరును తినివేయలేదు. అది మొలచుటకు కారణము అంతే.

ఇక మీకు కొంచెము కష్టము కలిగించు మాట చెప్పవలసియున్నది. మిత్రుడు గనుక చెప్పుచున్నాను.

1947లో పాల్ హ్యారిస్ మరణించినప్పుడు, అతని స్మృతికై పువ్వులకు బదులు ఫౌండేషనుకు విరాళములు పంపిరి. ఒకటిన్నర సంవత్సరములో 13 లక్షల డాలర్లు చేరెను. 1957నుండి, 1,000 డాలర్లు ఇచ్చినవారిని అతని పేరిట గౌరవించు పద్ధతి వచ్చెను. గౌరవించుట తప్పు కాదు. పలువురు ఆ గౌరవమును తమకు తీసికొనక, ఒక ఉపాధ్యాయుని పేరనో, ఒక దాది పేరనో సమర్పింతురు. అది అందమైన ఆచారము. కాని బిళ్ల కొరకు ఇచ్చిన వేయి డాలర్లకు ఏమి జరిగినది? అది దానము కాలేదు, బిళ్ల కొనుగోలైనది. ఆ డబ్బుతో దూరమున ఏ బిడ్డకో మేలు జరుగును, అది నిశ్చయము. ఇచ్చినవానికి మాత్రము బిళ్లయే మిగులును.

అట్లే ఛాయాచిత్రముల విషయము. ఒక ముసలివానికి దుప్పటి ఇచ్చుటకు పదిమంది దానిని పట్టుకొని నిలుచుందురు. ముసలివాడు చలిలో వణకుచు, ఫొటో ముగియువరకు దుప్పటి కొరకు వేచియుండును. ఆ నిమిషము సేపు ఎవరు ఎవరికి సేవ చేయుచున్నారు? నా ఎరుకలో ఆ ముసలివాడే దాత. మన గొప్పతనమునకు అతడు తన ముఖమును దానము చేయుచున్నాడు. సేవ స్వీకరించువాడు మనకు సేవ చేయు అవకాశమును ప్రసాదించుచున్నాడనియు, అతనికి మనమే ఋణపడియున్నామనియు వివేకానందస్వామి బోధ. ఈ బోధను నమ్మినచో ముందు దుప్పటి కప్పుదుము. ఫొటో సంగతి తరువాత తోచినచో చూచుకొందుము. తోచకున్నను లోటు లేదు.

మీ సంఘమున మాట్లాడుటకును చేయుటకును ముందు సభ్యుడు తన్ను తాను పరీక్షించుకొను నాలుగు ప్రశ్నలున్నవి. 1932లో హెర్బర్ట్ టేలర్ దివాలా తీయనున్న ఒక కంపెనీని నిలబెట్టుటకు వ్రాసికొన్నవి అవి. సత్యము, న్యాయము, స్నేహము, అందరి మేలు అను నాలుగింటిని అవి అడుగును. వానికి అయిదవదానిని చేర్చు అధికారము నాకు లేదు. కాని ప్రతి రాత్రి మీ మనస్సులో రహస్యముగా అడుగుకొనుటకు ఒక ప్రశ్నను మీకిచ్చి పోదును: ‘నాది కాని దేనినైనను నేడు నాదనుకొంటినా?’ అది డబ్బు కావచ్చును. పొగడ్త కావచ్చును. ఇతరులు చేసిన పనివలన వచ్చిన పేరు కావచ్చును.

నూతన కోశాధికారి గారూ! మీ చేతికి ఈనాడు తాళపుచెవి వచ్చినది. ఈ సభలో పూలమాలలు అధ్యక్షునికే ఎక్కువ పడినవి. కాని బరువైన పని మీది. ఒకనాడు మీ సొంత సభ్యులే, మంచి ఉద్దేశముతోనే, ఆ పెట్టెనుండి ఒక చిన్న ఖర్చునకు పైకమిమ్మని అడుగుదురు. అది న్యాయముగనే కనబడును. ఆనాడు కాదనుటకు మీకు మొగమాటము కలుగును. అప్పుడు కొంగు ముడి విప్పిన ఒక ముసలమ్మను తలచుకొనుడు. ఆమె మీ ఊరిలో గూడ ఉన్నది. మీ హుండీలో ఆమె పదకొండు రూపాయలు ఉండనే యున్నవి.

దానధనము ఎవరిదని మొదట అడిగితిమి. దాత దానిని విడిచెను గనుక దాతది కాదు. మన పెట్టెలో నున్నను మనది కాదు. దీనుని చేతికి చేరకముందే అది దీనునిది. దీనుని రూపమున పుచ్చుకొనువాడు నారాయణుడని నమ్మినవారికి అది దేవుని సొమ్ము. దేవుని సొమ్మును మోయుట కూలి కాదు, భాగ్యము. ఆ భాగ్యము మీకు ఈ సంవత్సరమంతయు లభించుగాక! మోయు చేతులలో వణుకును, మనస్సులో శాంతియు భగవంతుడు నిలుపుగాక!